నవజాత శిశువు పాదం వంకరగా ఉంటే: ఇంట్లో చేయించవలసిన సున్నితమైన వ్యాయామాలు, దశలవారీగా

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి ప్రాంతాల బాలింతలు, వారికి తోడుగా ఉండే తల్లులు, అత్తలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: “బిడ్డ పాదం లోపలికి తిరిగి ఉంది, రోజూ సాగదీయమన్నారు, ఎలా సాగదీయాలి?” ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే హడావిడిలో అర నిమిషంలో చూపించిన పద్ధతి ఇంటికి చేరేసరికి సగం మరచిపోతుంది, ఆ తరువాత నీళ్ళు పోసే అవ్వ ఒక రకంగా, అమ్మమ్మ ఒక రకంగా, పక్కింటివారు మరొక రకంగా ఆ పాదాన్ని సవరించడం మొదలవుతుంది.

బిడ్డను పరీక్షించిన వైద్యులు “పాదం మెత్తగానే ఉంది, వ్యాయామంతో సర్దుకుంటుంది” అని చెప్పిన కుటుంబాల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఆ మాట ఇంకా వినని వారు మొదటి రెండు భాగాలు మాత్రమే చదివి, మిగతా భాగాలకు ముందుగా బిడ్డను వైద్యులకు చూపించాలని నా మనవి. ఈ వ్యాయామంలో బలానికి ఏ పనీ లేదు. తక్కువ ఒత్తిడితో, ఎక్కువ సార్లు, సరైన పాదానికి చేయడమే ముఖ్యం.

1. ముందుగా తెలుసుకోవలసింది: ఇది ఎలాంటి వంకర?

గర్భం చివరి వారాల్లో కడుపులో చోటు తగ్గిపోవడంతో కొందరు శిశువుల పాదాలు ఒకే భంగిమలో ఒత్తుకుపోయి ఉంటాయి. పుట్టిన తరువాత కూడా కొంతకాలం ఆ భంగిమ అలాగే కనిపిస్తుంది. ఎముకల అమరికలో లోపం ఉండదు. ఒకవైపు కండరాలు కుంచించుకొని, రెండోవైపు కండరాలు సాగి మందకొడిగా ఉంటాయి. దీన్ని భంగిమ వల్ల వచ్చిన వంకర అంటారు. సాధారణంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది.

మొదటిది, పాదం కిందికి, లోపలికి తిరిగి, రెండు అరికాళ్ళు ఒకదానికొకటి ఎదురుగా చూస్తున్నట్లు ఉండడం. రెండవది, మడమ తిన్నగానే ఉండి, పాదం ముందు భాగం మాత్రమే బొటనవేలి వైపుకు వంగి ఉండడం. మూడవది, పాదం పైకి మడుచుకొని, మీగాలు మోకాలి కింది ఎముకను తాకుతున్నట్లు ఉండడం.

ఈ మూడింటికీ వ్యాయామాలు వేరు. మొదటి రకానికి చేయవలసిన కదలికను మూడవ రకానికి చేస్తే వంకరను పెంచినట్లే అవుతుంది. కనుక మీ బిడ్డది ఏ రకమో, ఒక పాదానికా రెండింటికా అన్నది వైద్యుల చేత చీటీ మీద రాయించుకోవాలి.

వీటన్నిటికీ భిన్నమైనది పుట్టుకతో వచ్చే గట్టి వంకరపాదం. సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఇది ఉంటుంది. చూపుకు మొదటి రకంలాగే ఉన్నా, పాదం చేతికి లొంగదు. దీనికి ఇంటి వ్యాయామం సరిపోదు. వారం వారం మార్చే పిండికట్లతో చికిత్స చేయాలి. పుట్టిన మొదటి వారాల్లో పాదం చాలా మెత్తగా ఉంటుంది కాబట్టి అప్పుడు మొదలుపెడితే పని తేలిక. ఆ విలువైన వారాలు నూనె మర్దనలో గడిచిపోకూడదన్నదే నా ఆందోళన.

గ్రహణం వేళ తల్లి కదిలినందువల్లనో, కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నందువల్లనో పాదం ఇలా వచ్చిందని బాలింతను నిందించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ మాటలో నిజం లేదు. ఆ తల్లికి కావలసింది బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళే తోడు.

2. వ్యాయామం మొదలుపెట్టకుండా ముందుగా వైద్యులకు చూపించవలసిన గుర్తులు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో సాగదీయడం మొదలుపెట్టకండి.

- వేలితో మెల్లగా కదిపినా పాదం తిన్నని స్థితికి రాకపోవడం.
- మడమ పైన వెనుక వైపు లేదా పాదం లోపలి అంచు మధ్యలో లోతైన మడత ఉండడం.
- ఒక పాదం రెండోదానికంటే పొట్టిగా, ఆ కాలి పిక్క సన్నగా, మడమ చిన్నగా, పైకి లాక్కుపోయినట్లు ఉండడం.
- అరికాలు మధ్యలో గుంటకు బదులు బయటికి ఉబ్బి, గట్టిగా ఉండడం.
- బిడ్డ కాలివేళ్ళు గానీ పాదం గానీ తనంతట తాను కదపకపోవడం.
- నడుము కింది భాగంలో వెన్ను మీద ఉబ్బు, వెంట్రుకల కుచ్చు లేదా లోతైన గుంట ఉండడం.
- మోకాలి కింది ఎముక వంగి కనిపించడం, కాలు వాచి లేదా ఎర్రగా ఉండడం, ముట్టుకుంటేనే బిడ్డ గుక్కపట్టి ఏడవడం.

తుంటి కీలును కూడా తప్పకుండా పరీక్ష చేయించాలి. పాదం వంకరతో పుట్టిన కొందరు శిశువుల్లో తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం కూడా ఉంటుంది. కడుపులో ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డలకు, కుటుంబంలో ఆ లోపం ఉన్నవారికి పుట్టిన బిడ్డలకు ఈ పరీక్ష మరీ అవసరం. తొడల మీది మడతలు సమానంగా లేకపోయినా, ఒక కాలు రెండోదానంతగా పక్కకు తెరుచుకోకపోయినా ఆ సంగతి వైద్యులకు చెప్పండి.

చూపించడానికి దూరాలు పోనవసరం లేదు. ఆసుపత్రిలో ప్రసవమైన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. మొదటి సందర్శనలోనే పొత్తిళ్ళు విప్పి పాదాలు చూపించండి. వంకరపాదం, తుంటి కీలు లోపం రెండూ పిల్లల్లోని లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేయించడానికి 2013లో మొదలైన ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. కనుక ఆశా గానీ ఏఎన్ఎం గానీ మిమ్మల్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీదుగా జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపించే వీలుంది. నేరుగా వెళ్ళదలచిన వారికి నెల్లూరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, రిమ్స్‌గా పేరుపడిన ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను ఎముకల విభాగం, పిల్లల విభాగం రెండూ ఉన్నాయి.

3. సన్నాహం

సగం తప్పులు సన్నాహం లేకపోవడం వల్లనే జరుగుతాయి. ఆకలితో ఉన్న బిడ్డ, చల్లటి చేతులు, నూనెతో జారే పాదం కలిస్తే ఎంత నేర్పు ఉన్న తల్లి అయినా ఏమీ చేయలేదు.

సమయం: పాలు తాగిన వెంటనే చేస్తే కక్కుకుంటుంది, ఆకలి వేళ చేస్తే ఏడుస్తుంది. పాలు తాగిన అరగంట, ముప్పావుగంట తరువాత, మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడు మంచిది. ప్రతిసారీ ఇలాంటి వేళ దొరకదు కాబట్టి తడిగుడ్డ లేదా డైపరు మార్చే ప్రతి సందర్భాన్నీ వ్యాయామానికి ముడిపెట్టుకోవాలి. అలా చేస్తే రోజుకు అయిదారు సార్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోకుండానే పూర్తవుతుంది.

చోటు: నేల మీద చాప పరచి, దాని మీద మడత దుప్పటి వేసి, బిడ్డను వెల్లకిలా, పాదాలు మీ వైపు ఉండేలా పడుకోబెట్టండి. మంచం అంచున చేయవద్దు. మే నెల ఎండల్లో ఉక్కపోతకు బిడ్డ చిరాకు పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం వేళలకు ఎక్కువ వంతు కేటాయించండి. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూడండి.

మొదలుపెట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- గోళ్ళు కత్తిరించుకున్నారా? ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టారా?
- చేతులు కడుక్కొని, రుద్దుకొని వెచ్చగా చేసుకున్నారా?
- బిడ్డ కాలికి ఉన్న కడియాలు, వెండి గొలుసులు, నల్లదారం తీశారా? పట్టు పట్టేది సరిగ్గా అక్కడే.
- పాదం మీద నూనె మిగలకుండా పొడి గుడ్డతో తుడిచారా?
- వైద్యులు రాసిచ్చిన చీటీ చూసి, ఏ పాదానికి, ఏ వైపుకు అన్నది నిర్ధారించుకున్నారా?

జ్వరం ఉన్న రోజున, చర్మం మీద పుండు లేదా దద్దురు ఉన్న రోజున వ్యాయామం మానేయండి. టీకా వేయించిన రోజున తొడ నొప్పిగా ఉంటుంది. బిడ్డ ఒప్పుకుంటే మోకాలి కింద మాత్రమే పట్టుకొని నిమరడం వరకు చేయండి, లేదంటే ఆ రోజుకు వదిలేయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో వైద్యులే చెప్పాలి.

4. లోపలికి, కిందికి తిరిగిన పాదానికి వ్యాయామం

ఎక్కువ మంది అడిగేది ఈ రకం గురించే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. వరుస మార్చవద్దు: ముందు నిమరడం, తరువాత బయటికి తేవడం, ఆ తరువాతనే పైకి ఎత్తడం.

4.1 నిమిరి మేల్కొలపడం

బిడ్డ మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో కాలిని చీలమండకు పైన తేలికగా పట్టుకోండి. రెండో చేతి చూపుడు వేలితో పాదం బయటి అంచు మీద చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి మడమ దాకా, అక్కడి నుంచి కాలి బయటి వైపుగా పైకి, మోకాలి దాకా నెమ్మదిగా నిమరండి. అయిదారు సార్లు చేయండి.

చాలామంది బిడ్డలు దీనికి స్పందనగా పాదాన్ని తామే బయటికి, పైకి లాగుతారు. సాగి మందకొడిగా ఉన్న కండరాలు పని చేయడం అంటే అదే. మనం సాగదీసే దానికంటే బిడ్డ స్వయంగా లాగే ఆ కదలికకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అందువల్ల తొందరపడి ఈ దశను దాటవేయకండి. స్పందన వెంటనే రాకపోతే కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ నిమరండి.

4.2 బయటికి తేవడం

మోకాలు వంచే ఉంచండి. ఒక చేతి బొటనవేలు, చూపుడు వేలితో కాలిని చీలమండకు కొంచెం పైన పట్టి, కాలు గుండ్రంగా తిరగకుండా నిలపండి. రెండో చేతి చూపుడు వేలిని పాదం లోపలి అంచు పొడవునా ఆనించి, బొటనవేలిని అరికాలి మీద ఉంచండి. ఇప్పుడు పాదాన్ని నెమ్మదిగా బయటి వైపుకు, పాదం కాలికి తిన్నగా వచ్చేవరకు తీసుకురండి.

తేలికపాటి బిగువు తగిలిన చోట ఆగండి. అక్కడ 10 అంకెలు నిదానంగా లెక్కపెట్టండి, లేదా జోలపాట ఒక చరణం పాడండి. ఆ తరువాత పాదాన్ని ఒక్కసారిగా వదలకుండా మెల్లగా సడలించండి. 3 నుంచి 5 సార్లు చేయండి.

4.3 పైకి ఎత్తడం

పాదం తిన్నగా వచ్చిన తరువాతే ఈ దశ. లోపలికి తిరిగి ఉన్న పాదాన్ని అలాగే పైకి నెట్టకూడదు.

ఒక చేతి వేళ్ళతో మడమను వెనుక నుంచి దొప్పలాగా పట్టుకొని కొద్దిగా కిందికి లాగి ఉంచండి. రెండో చేతి బొటనవేలిని లేదా రెండు వేళ్ళను అరికాలి మీద వెడల్పుగా ఆనించి, పాదం మొత్తాన్ని మోకాలి వైపుకు మెల్లగా ఎత్తండి. బిగువు తగిలిన చోట ఆగి 10 అంకెలు లెక్కపెట్టండి, సడలించండి. ఇది కూడా 3 నుంచి 5 సార్లు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కాలివేళ్ళనో, వేళ్ళ మొదళ్ళనో మాత్రమే పైకి నెట్టడం. అలా చేస్తే చీలమండ వంగదు, పాదం మధ్యలో వంగుతుంది. చూడడానికి పైకి వచ్చినట్లే ఉంటుంది కానీ మడమ వెనుక బిగువు అలాగే మిగిలిపోతుంది. మడమ కిందికి దిగుతున్నట్లు మీ వేళ్ళకు తెలియాలి. తెలియకపోతే పట్టు సరిచేసుకొని మళ్ళీ మొదలుపెట్టండి.

4.4 వదిలేయడం

చివరన రెండు మూడు నిమిషాలు ఏ గుడ్డా కప్పకుండా బిడ్డను కాళ్ళు ఆడించుకోనివ్వండి. ఆ తన్నులాట కూడా వ్యాయామమే.

4.5 ఎంత ఒత్తిడి?

మీ వేలి కింద చర్మం రంగు చూడండి. చర్మం తెల్లబారుతోందంటే ఒత్తిడి ఎక్కువైనట్లు. బిడ్డ ముఖం కూడా చూస్తూ ఉండండి: మొహం చిట్లించినా, కాలు లాక్కున్నా కొంచెం సడలించండి, ఏడిస్తే ఆపేయండి. ఈ వ్యాయామం నొప్పి కలిగించకూడదు. “ఏడిస్తేనే పట్టు విడుస్తుంది” అనే మాట పసికందు పాదానికి వర్తించదు, ఎందుకంటే ఏడ్చే బిడ్డ కండరాలన్నీ బిగబడతాయి, బిగిసిన కండరం సాగదు.

5. పాదం ముందు భాగం మాత్రమే వంగి ఉంటే

బయటి అంచు మీద గిలిగింత పెట్టగానే బిడ్డ తానే పాదం తిన్నగా చేసుకుంటే చాలాసార్లు వైద్యులు ఏ వ్యాయామమూ అవసరం లేదంటారు. ఇలాంటి పాదాల్లో ఎక్కువ భాగం వాటంతట అవే సర్దుకుంటాయి. చేయమని చెబితే ఇలా చేయండి.

ఒక చేత్తో మడమను తిన్నగా, కదలకుండా పట్టుకోండి. అదే చేతి బొటనవేలిని పాదం బయటి అంచు మధ్యలో, కొద్దిగా ఉబ్బుగా తగిలే చోట ఆనించండి. రెండో చేతి చూపుడు వేలిని బొటనవేలి మొదలు దగ్గర లోపలి వైపు ఉంచి, ముందు పాదాన్ని మెల్లగా బయటికి జరపండి. 10 అంకెలు, 5 సార్లు. బొటనవేలిని పట్టుకొని లాగకూడదు. మడమను పట్టుకోకుండా పాదం మొత్తాన్ని బయటికి తోస్తే ముందు వంపు పోదు సరికదా, మడమ బయటికి వాలడం మొదలవుతుంది.

6. పైకి మడుచుకున్న పాదానికి

ఇక్కడ కదలిక పూర్తిగా తలకిందులు. కాలిని చీలమండకు పైన పట్టుకొని, రెండో అరచేతిని మీగాలు మీద పరచి, పాదాన్ని మెల్లగా కిందికి, కొంచెం లోపలికి తీసుకురండి. 10 అంకెలు ఆపి సడలించండి. 3 నుంచి 5 సార్లు. తరువాత అరికాలి లోపలి అంచున నిమిరి, మీ అరచేతిని బిడ్డ అరికాలికి ఆనించి, బిడ్డ తానే నెట్టేలా చూడండి.

ఇది చూడడానికి భయపెట్టినా, సాధారణంగా త్వరగా సర్దుకునే రకం. అయితే తుంటి పరీక్ష, మోకాలి కింది ఎముక వంపు పరీక్ష ఈ రకానికి తప్పనిసరి.

7. నీళ్ళు పోయడం, పొత్తిళ్ళు, చీర ఉయ్యాల

రోజుకు అయిదారు సార్లు జాగ్రత్తగా చేసిన వ్యాయామం, మిగతా గంటల్లో పాదం ఎలా ఉంటుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

మన ఇళ్ళలో అనుభవం ఉన్న అవ్వ పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తుంది. ఆ స్పర్శ బిడ్డకు హాయినిస్తుంది, దాన్ని మాన్పించవలసిన అవసరం లేదు. మాన్పించవలసినవి కొన్నే: కాలిని ఎదురు భుజం దాకా అడ్డంగా లాగడం, రెండు పాదాలు పట్టుకొని తలకిందులుగా ఊపడం, వంకర పాదాన్ని “చక్కబెట్టడానికి” గట్టిగా నొక్కడం. తుంటి కీలు ఇంకా గట్టిపడని వయసులో ఈ లాగుళ్ళు ప్రమాదం. పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా ఇలా చెప్పవచ్చు: “అవ్వా, ఒళ్ళంతా నువ్వే నలుగు పెట్టు, ఆ పాదం ఒక్కటి మాత్రం డాక్టరు చూపించినట్టు నేను చూసుకుంటాను.” చాలామంది పెద్దవారు ఈ మాటను సంతోషంగా ఒప్పుకుంటారు. పసరు కట్లు, వెదురు బద్దలతో కట్టే కట్లు మాత్రం ఎవరు చెప్పినా పసికందు పాదానికి వేయించవద్దు. రక్తం ఆడక వేళ్ళు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పొత్తిళ్ళు చుట్టేటప్పుడు నడుము నుంచి కింది భాగం వదులుగా ఉండాలి, మోకాళ్ళు మడిచి పక్కలకు తెరుచుకునే వీలుండాలి. కాళ్ళు రెండూ తిన్నగా లాగి బిగించి చుట్టడం పాదానికీ తుంటికీ కూడా చెడు చేస్తుంది. చీర ఉయ్యాలలో గుడ్డ రెండు వైపుల నుంచి ఒత్తి పాదాలను మళ్ళీ లోపలికే తోస్తుంది కాబట్టి, మెలకువగా ఉన్న సమయంలో బిడ్డను చాప మీదనే ఉంచండి. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. మెలకువగా, మీ కళ్ళ ముందు ఉన్నప్పుడు కొద్ది నిమిషాలు బోర్లా పడుకోబెట్టవచ్చు. అప్పుడు లోపలికి తిరిగిన పాదాలు నేలకు నొక్కుకుపోకుండా సరిచేయండి.

బిగుతు సాక్సులు, పాదాలు మూసుకుపోయే పొట్టి దుస్తులు వద్దు. నడక రాని బిడ్డకు బూట్లు అవసరం లేదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే విధానం

8.1 కాలు మొత్తాన్ని తిప్పడం. పాదం బయటికి వచ్చినట్లు కనిపిస్తుంది కానీ నిజానికి తిరిగింది మోకాలు. మోకాలి చిప్ప పైకి, మీ వైపు చూస్తూనే ఉందా అని ప్రతిసారీ గమనించండి. అది పక్కకు తిరిగితే పై చేతి పట్టు సరిపోలేదని అర్థం.

8.2 ఒకేసారి ఎక్కువ సేపు చేయడం. పగలంతా కుదరలేదని రాత్రి అరగంట చేయడం వల్ల లాభం లేదు, బిడ్డ అలసిపోతుంది. తప్పిన వంతులను తప్పినట్లే వదిలేసి, తరువాతి తడిగుడ్డ మార్చేటప్పుడు మామూలుగా రెండు నిమిషాలు చేయండి.

8.3 ఎగరవేస్తున్నట్లు చేయడం. లాగి వదిలి, లాగి వదిలి వేగంగా చేస్తే కండరం ఎదురు తిరిగి బిగుసుకుంటుంది. నిలిపి ఉంచిన 10 అంకెలే పని చేస్తాయి.

8.4 ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చేయడం. తల్లి, మరొకరు, ఇద్దరు చాలు. ఆసుపత్రిలో చూపించేటప్పుడు అనుమతి అడిగి ఫోనులో వీడియో తీసుకోండి. రెండో మనిషి దాన్ని చూసి, మీ ఎదుట ఒకసారి చేసి చూపించిన తరువాతనే ఒంటరిగా చేయాలి.

8.5 బాగుపడుతోందని మధ్యలో మానేయడం. పాదం కొంచెం తిన్నబడిన రెండో వారంలో ఇది ఎక్కువగా జరుగుతుంది. నిద్రపోయే బిడ్డ పాదం ఇంకా లోపలికే తిరుగుతుంటే పని పూర్తి కానట్లే. ఎప్పుడు ఆపాలో వైద్యులు చెప్పేవరకు కొనసాగించండి.

8.6 మంచి పాదాన్ని కూడా సాగదీయడం. రెండో పాదం మామూలుగా ఉంటే దాని జోలికి పోవద్దు. సరిపోల్చి చూసుకోవడానికి అదే మీకు కొలమానం.

9. వారం వారం గమనించవలసినవి

ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే వెలుతురులో మూడు ఫోటోలు తీయండి: ముందు నుంచి, అరికాళ్ళ వైపు నుంచి, పక్క నుంచి. రోజూ చూసే కళ్ళకు మార్పు తెలియదు, ఫోటోలు చెబుతాయి. ఫోటోలతో పాటు ఇవి రాసిపెట్టుకోండి:

- నిమిరితే పాదం తనంతట తాను బయటికి వస్తోందా?
- ఎంత తేలికగా తిన్నని స్థితికి వస్తోంది? పోయిన వారం కంటే బిగువు తగ్గిందా, పెరిగిందా?
- నిద్రలో పాదం ఏ స్థితిలో ఉంటోంది?
- రెండు పిక్కల లావులో, పాదాల పొడవులో తేడా కనిపిస్తోందా?

6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ వెళతారు కాబట్టి ఆ తేదీలనే పాదం పరీక్షకు కూడా పెట్టుకుంటే మరచిపోయే ప్రశ్న ఉండదు. భంగిమ వల్ల వచ్చిన వంకర చాలావరకు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో స్పష్టంగా తగ్గుతుంది. 6 వారాలు క్రమం తప్పకుండా చేసినా మార్పు లేకపోతే, లేదా ఏ సమయంలోనైనా పాదం మునుపటికంటే గట్టిపడినట్లు అనిపిస్తే, తరువాతి తేదీ కోసం ఎదురుచూడకుండా ఎముకల వైద్యులకు చూపించండి. మొదట మెత్తగా అనిపించిన పాదాల్లో కొన్నింటికి తరువాత కట్లు అవసరమవుతాయి. దానికి మీ వ్యాయామం కారణం కాదు.

10. గట్టి వంకరపాదం అని తేలితే ఇంట్లో చేయవలసింది

అప్పుడు మీ పని సాగదీయడం కాదు, కట్టును కాపాడడం. అమెరికాలోని అయోవాలో వైద్యుడు ఇగ్నాసియో పాన్సెటి రూపొందించిన పద్ధతిలో తొడ దాకా పిండికట్టు వేసి, వారానికొకసారి మారుస్తూ, సాధారణంగా అయిదారు కట్లలో పాదాన్ని తిన్నగా తెస్తారు. ఆపై చాలామంది బిడ్డలకు మడమ వెనుక స్నాయువును చిన్న గాటుతో సడలించి, 3 వారాలు చివరి కట్టు ఉంచుతారు. చివరగా ఒక కడ్డీకి అమర్చిన ప్రత్యేక బూట్లు: మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, తరువాత నిద్రవేళల్లో మాత్రమే, సుమారు 4 ఏళ్ళ వయసు వరకు.

కట్టు ఉన్న రోజుల్లో:

- కాలివేళ్ళు రోజుకు చాలాసార్లు చూడండి. నొక్కి వదిలితే మళ్ళీ ఎర్రబారాలి, వెచ్చగా ఉండాలి.
- వేళ్ళు నీలంగా, తెల్లగా లేదా వాచినట్లు కనిపించినా, కట్టు లోపలికి జారి కనిపించకుండా పోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి.
- తడవనివ్వకండి. నీళ్ళు పోయడానికి బదులు తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి.
- కట్టు నుంచి దుర్వాసన వచ్చినా, బిడ్డకు జ్వరం వచ్చినా చూపించండి.

పాదం తిన్నబడిందని బూట్లు మానేయడమే వంకర తిరిగి రావడానికి ప్రధాన కారణం. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ విసుక్కుంటుంది. చర్మం కందకుండా పలుచని నూలు సాక్సులు వేసి, రెండు కాళ్ళూ కలిపి మడవడం, చాపడం ఆడుకుంటున్నట్లు చేయిస్తే అలవాటు పడుతుంది.

11. పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు

మొదటి కాన్పు పుట్టింట జరిగి, మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వెళ్ళడం మన వైపు ఆనవాయితీ. చికిత్స ఎక్కువగా తెగిపోయేది సరిగ్గా ఈ ప్రయాణం దగ్గరే: కావలిలో చూపించుకున్న బిడ్డ దర్శికి వెళుతుంది, కొత్త ఇంట్లో పాదం సంగతి తెలిసినవారు తల్లి తప్ప మరొకరు ఉండరు, ఆమె మాటకు అప్పుడే అంత బరువు ఉండదు.

అందువల్ల బయలుదేరే ముందే వైద్యుల చేత ఒక కాగితం మీద ఇవి రాయించుకొని, తల్లీబిడ్డల రక్షణ కార్డులో పెట్టుకోండి: ఏ పాదం, ఏ రకం వంకర, రోజుకు ఎన్ని సార్లు, ఏ వైపుకు, తుంటి పరీక్ష జరిగిందా, ఫలితం ఏమిటి, తరువాతి పరీక్ష తేదీ, దూరం వల్ల రాలేకపోతే దగ్గరలో ఎవరికి చూపించాలి. వెళ్ళిన వారంలోనే అక్కడి ఆశా కార్యకర్తకు ఆ కాగితం చూపించి బిడ్డ పేరు నమోదు చేయించండి. వీడియోను భర్తకు, అత్తగారికి చూపించి, తడిగుడ్డ మార్చే ఒక వంతు వ్యాయామాన్ని భర్తకు అప్పగించండి. బిడ్డ నిలబడడం మొదలుపెట్టినప్పుడు ఒకసారి, నడక వచ్చిన తరువాత ఇంకొకసారి పాదాలను వైద్యులకు చూపించాలన్న మాట కూడా ఆ కాగితం మీదే రాసి ఉండాలి.